ఏడో ఊయల

నివెస్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను చూడనప్పుడు పాప ఊపిరి ఆగిపోతుందేమోనని.

కారణమేమీ లేదు. పాప పేరు ఆగ్నెసె, మూడు నెలలు, చేతులకీ కాళ్లకీ మడతలు పడేంత ఒళ్లు. "ఈ పిల్లకి ఏ జబ్బూ లేదు, తల్లికి నిద్ర అవసరం" అని ఆస్పత్రిలో డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. అయినా గంటకోసారి పాప ముక్కు కింద వేలు మడిచి పెట్టి, వెచ్చటి గాలి తగిలాక గానీ నివెస్ తన ఊపిరి తను వదిలేది కాదు. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. పదహారో ఏట బడి మానేశాక ఆమె పుస్తకాల జోలికి పోలేదు.

అలాంటి మనిషికి ఉద్యోగం విశ్వవిద్యాలయంలోనే దొరికింది. మా రొకామోరా విశ్వవిద్యాలయంలో పెద్ద గేటు పక్కగదిలో కూర్చుని తాళాలు ఇవ్వడం, పుచ్చుకోవడం, మెట్లు తుడవడం, సభలప్పుడు మైకులు మోయడం ఆమె పని. మూడు నెలల కాంట్రాక్టు. అది అయిపోతే ఇంకో మూడు నెలలు. మొగుడు డెనిస్ టైల్స్ లారీ తోలుకుని సోమవారం జర్మనీ పోతే శుక్రవారం వస్తాడు. అమ్మ లేదు. అత్తగారు ఎక్కడో దక్షిణాన కాలాబ్రియాలో ఉంది, రమ్మంటే నడుం నొప్పంటుంది. నివెస్‌కి ఉన్న దిక్కల్లా గంటల గోపురం కింది గది. సిబ్బంది పిల్లల కోసం అందులో శిశువిహారం నడిచేది. ఏడు ఊయలలు, లుయిజెల్లా అని ఒక టీచరు. గేటు గది నుంచి పంతొమ్మిది అడుగులు. ఆ పంతొమ్మిది అడుగులూ నివెస్ రోజుకి ఎన్నిసార్లు వేసేదో లుయిజెల్లాని అడగాలి.

"పడుకున్న పిల్లని లేపకే తల్లీ, నీకు దండం పెడతాను," అనేది లుయిజెల్లా.

"లేపను. వేలు పెట్టి పోతాను."

ఆ పెద్ద గేటు సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ చేతికి రాకముందు ఆ గేటు దాటిన విద్యార్థికి ఇక డిగ్రీ రాదు. ఇది ఎక్కడా రాసి లేదు, అందువల్ల అందరూ పాటిస్తారు. పదమూడు వేలమంది విద్యార్థులు పక్కసందులో సైకిళ్ల షెడ్డులోంచి దూరి వస్తారు. పెద్ద గేటులోంచి దర్జాగా పోయేది ప్రొఫెసర్లు, పావురాలు, పాపని తోపుడుబండిలో వేసుకుని నివెస్.

"నీకు భయం లేదా పిల్లా?" అని మొదటిరోజే అడిగాడు ఒరెస్తె. ఆయన పెద్ద బంట్రోతు, ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసు. ఊరేగింపుల్లో రెక్టర్ ముందు వెండిదండం పట్టుకుని నడిచేది ఆయనే.

"ఇంకా పోవడానికేముంది బాబాయ్? నా చదువు ఈ గేటు మొహం చూడకముందే పోయింది."

ఆ సంవత్సరం మే నెల మొదటివారంలో మా రెక్టర్ ఉబాల్దో కవాల్లెత్తిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. మా దగ్గర రెక్టర్‌ని "మాగ్నిఫికో" అని పిలవాలి, అంటే మహాద్భుతుడు అని. ఎన్నికల ఫలితం వచ్చిన నిమిషం నుంచి మనిషి మహాద్భుతుడైపోతాడు, ఆరేళ్లు అలాగే ఉంటాడు. వేసవి ఎండలో కూడా తెల్ల బొచ్చు కండువా భుజాల నిండా కప్పుకుని, చెమట ధారగా కారుతున్నా తుడుచుకోకుండా, ఆయన ఇలా అన్నారు:

"ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా మన విశ్వవిద్యాలయాన్ని కనీసం ఇంకో పదేళ్లు పాతది చేసి తీరుతాం!"

సెనేట్ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మైకు పట్టుకుని నిలబడ్డ నివెస్ కూడా ఒక చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టింది.

ఇంతకీ జరిగిందేమంటే, ఏటికి అవతలి ఒడ్డున ఇంకో ఊరుంది, ఆ ఊళ్లో ఇంకో విశ్వవిద్యాలయం ఉంది. ఆ ఊరి పేరు మా సెనేట్‌లో ఎత్తరు, "ఏటవతల" అంటారు. ఏటవతలివాళ్లు తాము 1224లో పుట్టామని, ఎనిమిదొందల ఏళ్ల పండగ చేసుకుంటున్నామని పేపర్లో వేయించారు. మా లెటర్‌హెడ్ మీద 1231 అని ఉంటుంది. ఏడేళ్లు తక్కువ. ఆ వార్త చదివిన రోజు మాగ్నిఫికో భోజనం చేయలేదని, తోర్తెల్లిని పళ్లెం అలాగే వెనక్కి వచ్చిందని వంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది.

వెంటనే పుట్టిన తేదీ కమిషన్ ఏర్పాటైంది. పదకొండు మంది సభ్యులు. ఆ పదకొండు మందిని ఎంపిక చేయడానికి తొమ్మిది మందితో ఒక ఉపకమిటీ. పునాది వ్యవహారాల ప్రొరెక్టర్ అని కొత్త పదవి. ఆయనకు సాయంగా, పునాదికి ముందు కాలపు వ్యవహారాల ప్రతినిధి.

మాగ్నిఫికో మా ఘన చరిత్రని గుర్తు చేశారు. "పూర్వం మన దగ్గర విద్యార్థులే రెక్టర్‌ని ఎన్నుకునేవారు. విద్యార్థే రెక్టర్! ప్రొఫెసర్లు విద్యార్థుల ముందు ప్రమాణం చేసేవారు. పాఠానికి ఆలస్యమైతే జరిమానా కట్టేవారు. ఊరు దాటాలంటే విద్యార్థుల అనుమతి తీసుకునేవారు. ఎంత గొప్ప సంప్రదాయం!"

విద్యార్థుల ప్రతినిధి చెయ్యెత్తాడు. "మాగ్నిఫికో, మా రోమన్ లా ప్రొఫెసర్‌గారు మార్చి నుంచి కనబడలేదు. మరి మేము..."

"నాయనా, చరిత్రని గౌరవించాలి. వాడుకోకూడదు."

మళ్లీ చప్పట్లు. ఆ ఊపులోనే, కమిషన్‌కి ఆఫీసు కావాలి కాబట్టి, భవనంలో అన్నిటికన్నా పాత గది గోపురం కిందిది కాబట్టి, జూన్ ఒకటి నుంచి శిశువిహారం ఖాళీ చేయాలని తీర్మానం కూడా చదివేశారు. మైకు ఒక్క క్షణం కిందికి వాలిపోయింది. "పైకి, పైకి," అని మాగ్నిఫికో వేలితో చూపించారు. నివెస్ పైకెత్తింది.

"బాబాయ్, గది పోతే నేనేం చెయ్యను?" అంది ఆ సాయంత్రం, కాఫీ మెషిన్ దగ్గర.

"పొద్దున మా ఆవిడ ఇయోలె చూసుకుంటుంది. పాపంటే దానికి ప్రాణం. కానీ రెండింటికి పాస్తా కొట్టులో డ్యూటీకి పోవాలి."

"మరి రెండు నుంచి నా డ్యూటీ దిగే నాలుగు దాకా?"

ఒరెస్తె కప్పులో చక్కెర కలుపుతూ ఉండిపోయాడు. ఆయన చక్కెర వేసుకోడు.

కమిషన్ పని మొదలైంది. పాత పత్రాల గది అధికారిణి ఎర్సీలియా పొంతిరోలి, డాక్టరేట్ ఉంది కాబట్టి అందరికీ డాక్టరమ్మ. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిలోకి ఒక్క రెక్టరూ అడుగు పెట్టలేదు, ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు ఫోన్లు. పెట్టెలు దించడానికి నివెస్‌ని ఆమెకి సాయం ఇచ్చారు.

మొదటి వారంలోనే 1219 దొరికింది. ఒక సారా కొట్టువాడి ఫిర్యాదు: నా కిటికీ కింద కొందరు కుర్రాళ్లు తెల్లారేదాకా చట్టం గురించి అరుచుకున్నారు, తర్వాత వెళ్లిపోయారు. చట్టం గురించి అరిచారంటే విద్యార్థులేనని, వెళ్లిపోయారంటే పట్టభద్రులయ్యారని కమిషన్ ఏకగ్రీవంగా తేల్చింది. లెటర్‌హెడ్లు కొత్తవి అచ్చయ్యాయి.

నాలుగో రోజున ఏటవతలివాళ్లు 1214 అన్నారు. వాళ్లకొక సమాధి రాయి దొరికిందట, దాని మీద పుస్తకం పట్టుకున్న మనిషి బొమ్మ.

"అది పుస్తకం కాదు, జున్ను ముక్క!" అని మాగ్నిఫికో ప్రెస్‌మీట్ పెట్టి ఖండించారు. అక్కడితో ఊరుకోకుండా 1210 విడుదల చేశారు. అది ఒక బిషప్ ఉత్తరం: "రొకామోరాలో ఎంత వెతికినా చదువుకున్నవాడు ఒక్కడూ కనబడలేదు." కనబడలేదని తెలుసుకోవాలంటే వెతకడం తెలిసినవాడు ఉండాలి, అలా వెతకడమే పరిశోధన, పరిశోధన జరిగిన చోటు విశ్వవిద్యాలయం. మూడు వాక్యాల్లో పని అయిపోయింది. లెటర్‌హెడ్లు మళ్లీ అచ్చయ్యాయి. ఏటవతల నుంచి 1206 వచ్చింది.

మే ఆఖరి శుక్రవారం, ఎర్సీలియా ఒక తోలు కాగితాన్ని దీపం కింద పరిచి, రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది.

"నివెస్, తలుపు వెయ్యి."

"ఏమైంది డాక్టరమ్మా?"

"ఇది 1203 నాటిది, ఊరి పెద్దల తీర్మానం. వింటావా? 'పాఠాలు వినడానికి పరదేశం నుంచి వచ్చేవారు భార్యాబిడ్డలతో వస్తున్నారు గనుక, గోపురం కింది గదిలో పసిపిల్లలను చూడడానికి బెర్తా అనే స్త్రీని నియమించడమైనది. ఏడు ఊయలలు ఇవ్వాలి. సెయింట్ మార్టిన్ పండగ నుంచి ఈస్టర్ దాకా నిప్పు ఆరకూడదు. పాఠాలు చెప్పేవారి సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం.'"

నివెస్‌కి మొదట ఏడు అన్న మాటే వినబడింది. తర్వాత గోపురం కింద అన్నది.

"అంటే... మొట్టమొదట ఉన్నది మా గదా?"

"మొట్టమొదట ఉన్నది అదొక్కటే. ప్రొఫెసర్ల సంగతి వచ్చే సమావేశంలో కూడా చూడలేదు. వెనక్కి తిప్పితే మేకల గొడవ రాసుంది."

"ఆ బెర్తా కూడా కాంట్రాక్టు మీదేనా?"

"సెయింట్ మార్టిన్ నుంచి ఈస్టర్ దాకా అంటే అయిదు నెలలు."

"నాకు మూడే," అంది నివెస్ కాస్త అసూయగా. వెంటనే ఎర్సీలియా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మా, ఇక మా గది మూసెయ్యరు కదా? పునాదే అది కదా?"

"ఎలా మూస్తారే పిచ్చిదానా? దాన్ని మూస్తే విశ్వవిద్యాలయాన్ని మూసినట్టే."

ఇద్దరూ ఆ కాగితాన్ని పళ్లెంలో పెట్టుకున్నట్టు పట్టుకుని మాగ్నిఫికో గదికి వెళ్లారు. ఆయన చదివారు. మొదట మొహం ఎర్రబడింది.

"ప్రొఫెసర్ లేడా? కనీసం ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్?"

"లేడు మాగ్నిఫికో. ఆయా ఉంది."

"ఏటవతలివాళ్లకి తెలిస్తే నవ్వుతారు."

"ఏటవతలివాళ్లది 1206," అంది ఎర్సీలియా.

మాగ్నిఫికో మొహం తెల్లబడింది, తర్వాత వెలిగిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, ఏటి వైపు తిరిగి గుండె విరుచుకుని నిలబడ్డారు. గొప్ప నాయకులు అలాంటప్పుడే తయారవుతారు.

మర్నాడు ఆయన ప్రకటన చదువుతుంటే వినని మనిషి ఊళ్లో లేడు. "ప్రపంచంలో ప్రొఫెసర్లతో మొదలైన విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. తల్లి ఒడితో మొదలైనది మనదొక్కటే! ఈ శిశువిహారం మన గుండెకాయ. దీన్ని ఎవరూ ముట్టుకోలేరు!" ఆయన కిందికి వంగి ఆగ్నెసెని ఎత్తుకుని ఫొటో దిగారు. ఆగ్నెసె ఆ తెల్ల బొచ్చు కండువాని గుప్పిట్లో పట్టుకుని గుప్పెడు బొచ్చు పీకింది. నివెస్ ఏడ్చేసింది. కమిషన్ ఆఫీసుకి వేరే చోటు ఇచ్చారు. ఆ రాత్రి ఆమె గంట గంటకీ లేవలేదు. రెండుసార్లే లేచింది.

వారసత్వ కట్టడాల నిపుణుడు సోమవారం వచ్చాడు. గోడలకి తేమ కొలిచే మీటర్ ఆనించి చూసి, నలభై పేజీల నివేదిక రాశాడు. దాని సారం ఒక్క ముక్క: శిశువిహారానికి ప్రధాన ప్రమాదం శిశువులు. వాళ్లు పాలు ఒలకబోస్తారు, తడుపుతారు, ఊపిరి తీస్తారు. ఆ తేమ ఎనిమిదొందల ఏళ్ల గోడకి మంచిది కాదు.

కాబట్టి గుండెకాయని కాపాడడం కోసం, బుధవారం నుంచి పిల్లలెవరూ లోపలికి రాకూడదని ఆర్డరు వచ్చింది. ఏడుగురు తల్లులకీ బంగారు అంచున్న కృతజ్ఞతా పత్రాలు ఇచ్చారు. లుయిజెల్లా టీచరుని సైకిళ్ల షెడ్డుకి బదిలీ చేశారు. గది పేరు "ఆవిర్భావ మ్యూజియం". ఏడు ఊయలల్లో ఏడు మైనపు పిల్లలు, మధ్యలో కుర్చీలో మైనపు బెర్తా. ప్రారంభం జూన్ ఇరవై ఏడు, మంత్రిగారి ప్రతినిధి వస్తారు, ఏటవతలి రెక్టర్‌ని ప్రత్యేకంగా పిలిచారు. తెరిచి ఉండే వేళలు: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.

"మూసెయ్యరు అన్నావు డాక్టరమ్మా," అంది నివెస్.

"మూసెయ్యలేదమ్మా. తెరిచారు," అంది ఎర్సీలియా. ఆమె మొహం పక్కకి తిప్పుకుని ఉంది.

మిగతా ఆరుగురు తల్లులూ ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. ఒకామెకి అక్క ఉంది, ఒకామెకి మామగారు, ఒకామె ఉద్యోగం మానేసింది. నివెస్ మానేస్తే డెనిస్ ఒక్కడి మీద ఇల్లు గడవదు. పొద్దున ఇయోలె చూసేది, రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఆమె పాపని గేటు గదిలో బల్ల కింద, తాళాల పెట్టెల మధ్య పడుకోబెట్టేది. ప్రారంభానికి ముందురోజు సూపర్‌వైజర్ బల్ల కిందికి చూసి, ఇంకోసారి ఇలా కనబడితే కాంట్రాక్టు ఉండదని మర్యాదగానే చెప్పాడు.

ప్రారంభం రోజు పొద్దున మైనపు పిల్లల్ని వ్యానులో తెచ్చారు. వ్యానులో ఏసీ పనిచేయలేదు. ఆరుగురు పర్వాలేదు. ఏడోవాడు రావియోలి పిండిలా అట్టకి అంటుకుపోయాడు.

"పలక మీద ఏడు అని చెక్కించాం! తోలు కాగితంలో ఏడు! ఏటవతలివాడు లెక్కపెడతాడు, వాడి సంగతి నాకు తెలుసు!" అని మాగ్నిఫికో జుట్టు పీక్కున్నారు. "ఒరెస్తె, ఏదో ఒకటి చెయ్యి!"

"చిత్తం మాగ్నిఫికో," అన్నాడు ఒరెస్తె.

అప్పుడు సమయం రెండుకి పావుగంట తక్కువ. ఇయోలె పాపని గేటు దగ్గర దించి కొట్టుకి వెళ్లిపోయింది. పాప పాలు తాగి పడుకుని ఉంది. ఒరెస్తె గేటు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. నివెస్ ఆయన్ని చూసింది, పాపని చూసింది, పంతొమ్మిది అడుగుల అవతలున్న తలుపుని చూసింది.

"నాలుగింటిదాకా పడుకుంటుందా?" అన్నాడాయన.

"పడుకుంటుంది. దుప్పటి మాత్రం తన్నేస్తుంది."

రెండింటికి ఊరేగింపు వచ్చింది. ముందు ఒరెస్తె వెండిదండంతో, వెనక మాగ్నిఫికో, మంత్రిగారి ప్రతినిధి, ఏటవతలి రెక్టర్ ప్రొఫెసర్ గ్వాల్తియేరో. నివెస్ మైకు పట్టుకుని గడప బయట నిలబడింది. ఏటవతలాయన వేలు ఊపుతూ ఊయలలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడో దాని దగ్గర వేలు ఆగిపోయింది. కళ్లద్దాలు సర్దుకుని వంగాడు.

"కవాల్లెత్తిగారూ, ఇది ఊపిరి తీస్తోందేమిటి?"

గదిలో అందరూ తమ ఊపిరి ఆపారు. మాగ్నిఫికో కూడా వంగి చూశారు. ఆ గుప్పిట్లో తెల్ల బొచ్చు పోగు ఒకటి ఇంకా ఉందో లేదో చెప్పలేను గానీ, ఆయన చూపు మాత్రం అక్కడ రెండు క్షణాలు నిలిచింది. తర్వాత నిటారుగా లేచి నిలబడ్డారు.

"మావి ఊపిరి తీస్తాయి ప్రొఫెసర్. మీ దగ్గర ఇంకా ఊపిరి తీయనివే వాడుతున్నారా?"

ఏటవతలాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారి ప్రతినిధి వేలితో పాప బుగ్గ నొక్కి, "వెచ్చగా కూడా ఉందే!" అన్నాడు. అప్పుడే ఆగ్నెసె నిద్రలో ఒకసారి మూలిగి, కాలు తన్ని, పక్కబట్ట తడిపింది.

"తడి కూడానా!" అన్నాడు ఏటవతలాయన.

చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. అంత మోతలో పాప లేవలేదు. అదే నివెస్‌ని చంపేసింది. ఇంత మోతలో ఎందుకు లేవలేదు? మైకు చేతిలో ఉంది, వేలు పెట్టడానికి వేలు ఖాళీ లేదు.

అందరూ వెళ్లాక మాగ్నిఫికో ఒరెస్తెని పక్కకి పిలిచారు.

"ఆ ఏడోది ఎవరు చేశారు?"

"మనవాళ్లే మాగ్నిఫికో. ఇంట్లో చేసిందే."

"ఎన్నాళ్లు పట్టింది?"

"తొమ్మిది నెలలు."

"మన సిబ్బందిలో ఇంత పనితనం ఉందని నాకెవరూ చెప్పలేదు. దాన్ని అక్కడే ఉంచండి. సెప్టెంబరుకల్లా మిగతా ఆరూ ఊపిరి తీయాలి. టెండరు పిలవండి."

టెండరు పిలిచారు. ఇప్పటిదాకా మూడు కంపెనీలు వచ్చాయి, అన్నీ బ్యాటరీవే.

ఆ ఏర్పాటే సాగుతోంది, రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఏడో ఊయలలో ఆగ్నెసె. రెండుకి ముందు తుడుపుగుడ్డతో ఎవరైనా లోపలికి పోవచ్చు, నాలుగు దాటాక కూడా పోవచ్చు. కానీ ఆ రెండు గంటలూ మ్యూజియం లోపల నిలబడే సిబ్బందికి స్కూలు చదువు పూర్తిచేసిన డిప్లొమా ఉండాలని నిపుణుడి నివేదికలో ఇరవై మూడో పేజీలో ఉంది. నివెస్‌కి లేదు. ఆమెని బయట టికెట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడి నుంచి తలుపు కనిపిస్తుంది, ఊయల కనిపించదు. ఒరెస్తె ఉన్నన్నాళ్లూ అరగంటకోసారి లోపలికి తొంగి చూసి, బయటికి వచ్చి ముక్కు తుడుచుకునేవాడు. పాప బాగానే ఉందని అదే వాళ్ల గుర్తు. ఆయన జూలై ఆఖరున రిటైరయ్యాడు. వెండిదండం గోడకి తగిలించారు. మైనపు బెర్తాని నమ్ముకుందామంటే, ఆమెని కూర్చోబెట్టినప్పుడు మొహం పిల్లల వైపు కాక దాతల పేర్లున్న పలక వైపు పెట్టారు.

మీరు ఎప్పుడైనా మా ఊరు వస్తే, మీరు విద్యార్థి కాకపోతే, లేదా ఇక డిగ్రీ మీద ఆశ లేకపోతే, పెద్ద గేటులోంచే రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపు రండి. ఏడో ఊయల కిటికీ పక్కది. దుప్పటి తన్నేసి ఉంటే కాస్త పైకి లాగండి. ముక్కు కింద వేలు మడిచి పెట్టి చూడండి, వెచ్చగా తగలాలి. తగిలితే, పోయేటప్పుడు టికెట్ల బల్ల దగ్గర ఏమీ చెప్పనక్కర్లేదు. ఒకసారి మీ ముక్కు తుడుచుకోండి, చాలు.